సి డ్రైవ్ ఎన్నిసార్లు ఖాళీ చేసినా వారానికే మళ్ళీ ఎర్రబడుతోంది, ఫార్మాట్ కొట్టేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ: 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్, విండోస్ 11, షాపువాళ్ళు సి డ్రైవ్‌కి 120 జీబీ ఇచ్చి మిగతాది డి డ్రైవ్ చేసిచ్చారు. సి నిండిపోయిందని టెంప్ ఫైల్స్ తీసేశారు, రీసైకిల్ బిన్ ఖాళీ చేశారు, ఏదో క్లీనర్ సాఫ్ట్‌వేర్ కూడా వేశారు, 15 జీబీ దాకా ఖాళీ వచ్చింది, వారం తిరిగేసరికి మళ్ళీ ఎర్ర గీత. ఫార్మాట్ కొట్టాలా, లేక పెద్ద ఎస్ఎస్‌డీ కొనాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. మీరు ఇన్నాళ్ళూ ఏది పెద్దగా ఉందో చూసి తీసేస్తున్నారు, చూడాల్సింది ఏది పెరుగుతోంది అని. ఈ రెండూ ఒకటి కాదు. 30 జీబీ ఉన్న విండోస్ ఫోల్డర్ ఏడాదిగా 30 దగ్గరే ఉంటే దాంతో మీకు గొడవే లేదు, నిన్న 1 జీబీ ఉండి ఇవాళ 3 జీబీ అయిన ఫోల్డర్ ఎక్కడో మూల ఉంటే అదే మీ దొంగ. అది దొరక్కుండా టెంప్ ఫైల్స్ తీసుకుంటూ కూర్చోవడం ఊట బావిలో నీళ్ళు తోడడం లాంటిదే, తెల్లారేసరికి మళ్ళీ అంతే ఉంటాయి. ఫార్మాట్ కొట్టినా అంతే, అవే సాఫ్ట్‌వేర్లు మళ్ళీ వేస్తారు, అవే సెట్టింగులు, నెలలోపు మళ్ళీ ఎర్ర గీత. నేను చిన్న ఆఫీసులకీ షాపులకీ కంప్యూటర్లు చూస్తుంటాను, "మొన్ననే ఫార్మాట్ చేయించామండీ" అంటూ వచ్చే మెషిన్లు చాలానే ఉంటాయి, వాటిలో కారణం అక్కడే కూర్చుని ఉంటుంది.

ముందు ఆ ఎర్ర గీత సంగతి. ఖాళీ 10 శాతం లోపుకి పడిపోతే విండోస్ గీతని ఎర్రగా చూపిస్తుంది, అంటే మీ 120 లో 12 జీబీ కంటే తక్కువ మిగిలిందని. కంప్యూటర్ పాడైందని కాదు. కానీ అలాగే వదిలేయకూడదు, అప్‌డేట్లు సగంలో ఫెయిలవుతాయి, ఎస్ఎస్‌డీ బాగా నిండితే రాసే స్పీడ్ కూడా తగ్గుతుంది. ఇంకా, 512 అని కొంటే 476 చూపిస్తోంది మిగతాది ఏమైంది అని కూడా అడిగారు కదా, అది ఎవరూ తినలేదు, కంపెనీ వాళ్ళు 1000 లెక్కన జీబీ కడతారు, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది, అంతే తేడా.

ఇక పెరిగేదాన్ని పట్టుకోవడం. విజ్‌ట్రీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, ఇంట్లో వాడుకోడానికి ఉచితం, ఆఫీసుకైతే లైసెన్స్ కొనాలి, వద్దనుకుంటే విన్‌డర్‌స్టాట్ పూర్తిగా ఉచితం, కాకపోతే పాత వెర్షన్లు నెమ్మది. విజ్‌ట్రీ ఫైళ్ళని ఒక్కోటి తెరిచి చూడదు, డ్రైవ్‌లో ఫైళ్ళ చిట్టా ఉండే ఎంఎఫ్‌టీని నేరుగా చదివేస్తుంది, అందుకే సెకన్లలో అయిపోద్ది. రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనే తెరవండి, లేకపోతే కొన్ని ఫోల్డర్ల లోపలికి పోలేక తక్కువ చూపిస్తుంది. సి డ్రైవ్ స్కాన్ అయ్యాక ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, దాంతో సీఎస్‌వీ ఫైల్ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) తీసి డి డ్రైవ్‌లో తారీకు పేరు పెట్టి దాచండి. ఏమీ డిలీట్ చేయొద్దు. మూడు నాలుగు రోజులు మామూలుగా పని చేసుకోండి. మళ్ళీ స్కాన్ చేసి ఇంకో సీఎస్‌వీ తీయండి. రెండూ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి ఫోల్డర్ల సైజులు పోల్చండి. ఎక్సెల్ రాకపోయినా పర్లేదు, పెద్ద ఫోల్డర్లు ఒక ఇరవై కాగితం మీద రాసుకుని పోల్చుకున్నా సరిపోద్ది. తేడా ఎక్కడుందో కళ్ళముందే కనబడుతుంది.

అంత ఓపిక లేదు, ఇప్పుడే నిండుతూ కనబడుతోంది అనుకుంటే ఇంకో దారి ఉంది. స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని కొట్టి డిస్క్ ట్యాబ్‌కి వెళ్ళండి. కింద డిస్క్ యాక్టివిటీ లిస్టులో రైట్ (Write, అంటే రాయడం) అనే కాలమ్ మీద క్లిక్ చేస్తే ఆ క్షణంలో ఎక్కువ రాస్తున్న ప్రోగ్రాం పైకి వస్తుంది, పక్కనే అది ఏ ఫైల్‌లోకి రాస్తుందో దారి మొత్తం ఉంటుంది. పది నిమిషాలు దాన్ని తెరిచి పెట్టి చూడండి, ఒకే పేరు మళ్ళీ మళ్ళీ పైకి వస్తుంటే దాన్ని అనుమానించొచ్చు.

పెరిగే తీరుని బట్టి కూడా సగం తెలిసిపోద్ది, నేనైతే ఫోన్‌లోనే ముందు ఇదే అడుగుతాను.

రోజూ ఇంచుమించు ఒకే లెక్కన పెరుగుతుంటే అది మనిషి చేసే పని కాదు, ఏదో ఆటోమేటిక్‌గా నడుస్తోంది. బ్యాకప్, లాగ్ ఫైల్, రికార్డింగ్, మెయిల్ డౌన్‌లోడ్, ఇలాంటివి. మీది వారానికి 15 అంటే రోజుకి 2 జీబీ పైచిలుకు, నా అనుమానం ఇటే.

ఒక్కరోజులో 20, 30 జీబీ మాయమైతే విండోస్ పెద్ద అప్‌డేట్ పడి పాత విండోస్‌ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో దాచి ఉంటుంది (అది పది రోజులకి దానంతటదే పోతుంది, కంగారు లేదు), లేకపోతే ఎవరో ఐఫోన్‌ని కేబుల్ పెట్టి బ్యాకప్ తీసి ఉంటారు.

రీస్టార్ట్ చేయగానే ఖాళీ పెరిగి, సాయంత్రానికి తగ్గిపోతుంటే అది డిస్క్ జబ్బు కాదు, ర్యామ్ చాలట్లేదు. ర్యామ్ నిండితే విండోస్ పేజ్‌ఫైల్ అనే ఫైల్‌ని సి డ్రైవ్‌లో పెంచుకుంటూ పోతుంది. 8 జీబీ ర్యామ్‌లో క్రోమ్‌లో యాభై ట్యాబ్‌లు తెరిచి పెట్టేవాళ్ళకి ఇది మామూలే. దానికి ఎస్ఎస్‌డీ కొనడం దండగ, ర్యామ్ వేయించుకోండి. ఇక్కడ షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం లెక్కలోకి రాదు, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, రీస్టార్టే కొట్టి చూడాలి.

ఒకే ప్రోగ్రాంలో పని చేసినప్పుడు మాత్రమే పెరిగితే అది దాని క్యాష్, అంటే ఆ ప్రోగ్రాం తన వేగం కోసం పక్కన దాచుకునే ఫైళ్ళు.

ఇప్పుడు నేను చూసినవి చెప్తాను, మీకు దేనికి దగ్గరగా ఉందో చూసుకోండి.

ఒక మెడికల్ షాపులో బిల్లింగ్ కంప్యూటర్. ప్రతి రెండు మూడు రోజులకీ సి నిండిపోయి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది, బిల్లింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే కంప్యూటర్ మార్చండి అనేవాళ్ళు. రిసోర్స్ మానిటర్ తెరిస్తే పైన ఉన్నది బిల్లింగ్ కాదు, సీసీ కెమెరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్. కెమెరాల రికార్డింగ్ ఎలాగూ డీవీఆర్ బాక్సులో అవుతుంది, కానీ ఎవరో పీసీలో కూడా రికార్డ్ బటన్ నొక్కేసి వదిలేశారు, అది యూజర్ ఫోల్డర్ లోపల నిశ్శబ్దంగా వీడియో పోగేస్తోంది. లెక్క చూడండి, కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైట్) పంపిస్తుంటే సెకనుకి అర ఎంబీ, రోజుకి 43 జీబీ. 2 ఎంబీపీఎస్ అయినా 21 జీబీ దాటుతుంది. 120 జీబీ డ్రైవ్ ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి. బటన్ ఆఫ్ చేసి, స్నాప్‌షాట్ల ఫోల్డర్‌ని డి కి మార్చాను, అంతే, ఇంకేమీ చేయలేదు. ఆ మెషిన్ ఇప్పటికీ అదే ఎస్ఎస్‌డీతో నడుస్తోంది.

ఒక అకౌంట్స్ ఆఫీసులో వ్యవహారం ఇంకోలా ఉంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో బ్యాకప్ పెట్టారు, మంచిదే, కానీ పాతవి తీసేయడం ఎవరూ పెట్టలేదు. క్లయింట్ల డేటా అంతా కలిపి ప్రతి సాయంత్రం కొత్త ఫోల్డర్‌లో తారీకుతో కాపీ పడుతోంది, అదీ డేటా ఉన్న సి లోనే. డిస్క్ పోతే రెండూ పోతాయి కదండీ, అదేం బ్యాకప్? చివరి వారం కాపీలు, నెలకొకటి చొప్పున పాతవి ఉంచి, బ్యాకప్ దారి బయటి హార్డ్ డిస్క్‌కి మార్చాం. బ్యాకప్‌లు తీసేసేముందు కొత్తదాన్ని ఒక్కసారి వేరే చోట రిస్టోర్ చేసి తెరుచుకుంటుందో లేదో చూడండి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, తెరుచుకోని బ్యాకప్ మీద నమ్మకం పెట్టి పాతవన్నీ తీసేస్తే ఆ తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు.

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో ఫుటేజ్ అంతా బయటి డిస్కుల్లోనే ఉంటుంది, అయినా సి నిండుతుంది. ప్రీమియర్ లాంటి అడోబీ ఎడిటింగ్ ప్రోగ్రాంలు ప్రతి క్లిప్‌కీ మీడియా క్యాష్ తయారు చేసి యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, అడోబీ, కామన్ అనే దారిలో పెడతాయి, మార్చకపోతే అది సి లోనే. 100 ఎంబీపీఎస్ తో తీసిన 4కే వీడియో గంటకి 45 జీబీ వస్తుంది, ఒక పెళ్ళికి మూడు కెమెరాలు తిరుగుతాయి, దానికి తగ్గట్టు క్యాష్ కూడా. ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ అని ఉంటుంది, అక్కడే చోటు డి కి మార్చొచ్చు, ఇన్ని రోజుల కంటే పాతవి వాటంతటవే పోయేలా కూడా పెట్టొచ్చు. క్యాష్ తీసేస్తే ప్రాజెక్ట్ పోదు, తర్వాతిసారి తెరిచినప్పుడు మళ్ళీ కాసేపు తయారు చేసుకుంటుంది.

కోడింగ్ నేర్చుకునే పిల్లల లాప్‌టాప్‌లలో డాకర్ (ప్రోగ్రాంలని వాటికి కావలసినవన్నీ కలిపి ఇమేజ్ అనే మూటగా తెచ్చి నడిపేది), డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది), ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లు (కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఆండ్రాయిడ్ ఫోన్). డబ్ల్యూఎస్ఎల్ మొత్తం లినక్స్‌ని డిస్క్ లాగా పనిచేసే ఒకే వీహెచ్‌డీఎక్స్ ఫైల్‌లో పెడుతుంది, లోపల ఎన్ని తీసేసినా ఆ ఫైల్ బయటికి తగ్గదు, చాలామందికి ఇదే అర్థంకాదు, "ఇమేజ్‌లన్నీ తీసేశా సార్, ఒక్క జీబీ కూడా రాలేదు" అంటారు. డబ్ల్యూఎస్ఎల్‌ని షట్‌డౌన్ చేసి డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్‌లో ఆ ఫైల్‌ని వీడిస్క్‌గా సెలెక్ట్ చేసి కాంపాక్ట్ చేస్తే తగ్గుతుంది. డాకర్‌లో వాడనివి తీసేసే ప్రూన్ కమాండ్ కొట్టేటప్పుడు వాల్యూమ్స్ అనే ఆప్షన్ మాత్రం ఆలోచించకుండా కలపొద్దు, డేటాబేస్‌లు ఉండేది వాటిలోనే.

ఇళ్ళల్లో కంప్యూటర్లకైతే సాధారణంగా వాట్సాప్, టెలిగ్రామ్, ఔట్‌లుక్, వన్‌డ్రైవ్. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే వీడియోలన్నీ ఫోన్‌లోనే కాకుండా కంప్యూటర్‌లో కూడా పడుతుంటాయి, వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. టెలిగ్రామ్‌లో అడ్వాన్స్‌డ్ లోపల మేనేజ్ లోకల్ స్టోరేజ్ అని ఉంటుంది, క్యాష్ ఎంతవరకు పెరగొచ్చో అక్కడ హద్దు పెట్టొచ్చు. ఔట్‌లుక్ పాత వెర్షన్‌లో మెయిల్స్ ఓఎస్‌టీ ఫైల్‌లో కాపీ అవుతాయి, అకౌంట్ సెట్టింగ్స్‌లో స్లైడర్ మూడు నెలలకి తగ్గిస్తే చాలు, మెయిల్ సర్వర్‌లో భద్రంగానే ఉంటుంది. వన్‌డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ కొట్టాలి, డిలీట్ కొట్టకూడదు, ఇక్కడ డిలీట్ అంటే క్లౌడ్‌లోనూ డిలీటే, ఫోన్‌లోని వన్‌డ్రైవ్‌లోనూ డిలీటే.

ఐఫోన్ బ్యాకప్ గురించి పైన అన్నాను కదా, అవి ఫోల్డర్‌లోకి వెళ్ళి ముక్కలు ముక్కలుగా తీసేయొద్దు, ఐట్యూన్స్‌లోనో యాపిల్ డివైజెస్ యాప్‌లోనో బ్యాకప్‌ల లిస్టు ఉంటుంది, పాత ఫోన్‌వి అక్కడి నుంచే తీసేయండి.

మీ విషయంలో ఇంకొకటి తప్పకుండా చూడాలి. సి, డి అని విడగొట్టిన లాప్‌టాప్‌లలో డి లో 300 జీబీ ఖాళీగా పడి ఉంటుంది, మనిషి మాత్రం అన్నీ డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటాడు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ సి డ్రైవ్‌లోవే. డి లో ముందు డౌన్‌లోడ్స్ అని ఒక ఫోల్డర్ చేసి, అసలు డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ కొట్టి ఆ కొత్త ఫోల్డర్ చూపించండి. నేరుగా డి డ్రైవ్‌నే చూపించకండి, డి మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారిపోయి వెనక్కి తేవడం తలనొప్పి. డెస్క్‌టాప్‌కీ ఇలాగే, కాకపోతే వన్‌డ్రైవ్ డెస్క్‌టాప్‌ని బ్యాకప్ తీస్తుంటే ముందు ఆ బ్యాకప్ ఆపాలి.

స్కానర్‌లో కనబడే మొత్తానికీ, విండోస్ నిండిందని చెప్పే దానికీ పెద్ద తేడా వస్తే, ఆ మిగతాది రిస్టోర్ పాయింట్లు, అంటే విండోస్‌ని పాత స్థితికి తేవడానికి దాచుకునే కాపీలు, కావచ్చు. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని కొడితే కాన్ఫిగర్ దగ్గర ఎంత వాడుతుందో ఉంటుంది, స్లైడర్‌ని 5 శాతం దగ్గర పెట్టండి. పూర్తిగా ఆఫ్ చేయమని కొందరు చెప్తారు, నేను చెప్పను, ఒక పాడు డ్రైవర్ పడ్డప్పుడు మిమ్మల్ని బయటపడేసేది అదే.

హైబర్‌ఫిల్ అని దాచి ఉన్న ఫైల్ ఇంకోటి, మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, 16 జీబీ ర్యామ్‌కి 6 జీబీ పైన. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపడం) వాడకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొడితే వెంటనే పోద్ది, ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతోపాటే పోతుంది, ఎస్ఎస్‌డీలో ఆ తేడా పెద్దగా తెలియదు. కానీ ఇది ఒక్కసారి వచ్చే ఖాళీ మాత్రమే, మీ వారంవారం సమస్యకి మందు కాదు.

ముట్టుకోకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్ చూసి వీటిని తీసేసి వచ్చే మెషిన్లే బాగుచేయడం కష్టం. విండోస్ తన భాగాలు దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌ని చేత్తో తీసేయొద్దు. అది 10 జీబీ అని చూపించినా అందులో చాలా ఫైళ్ళు సిస్టమ్ 32 లో ఉన్నవే, హార్డ్ లింక్ వల్ల ఒకే ఫైల్ రెండు చోట్ల కనబడుతుంది, తీసేస్తే వచ్చే ఖాళీ తక్కువ, పోయే విండోస్ ఎక్కువ. దాన్ని తగ్గించాలంటే డిస్క్ క్లీనప్‌లో క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి విండోస్ అప్‌డేట్ క్లీనప్ టిక్ పెట్టడమే సరైన దారి. విండోస్ లోపల ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ కూడా అంతే, అది తీసేస్తే ప్రోగ్రాంలు అన్‌ఇన్‌స్టాల్ కావు, అప్‌డేటూ కావు. విండోస్ లోపలి టెంప్ మాత్రం తీసుకోవచ్చు.

క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వద్దే వద్దు. రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా) క్లీన్ చేస్తే ఖాళీ ఏమీ రాదు. 2017 లో సీక్లీనర్ 5.33 వెర్షన్ లోపలికే హ్యాకర్లు మాల్వేర్ దూర్చి అసలు డౌన్‌లోడ్‌లోనే జనానికి పంపించారు, అంత పేరున్న దానికే అలా జరిగింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, స్టోరేజ్ సెన్స్ ఉంది, అది ఆన్ చేసుకోండి చాలు. అందులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అని ఉన్నచోట నెవర్ ఉందో లేదో చూసుకోండి, జనాలు పాన్ కార్డు కాపీ, పిల్లల మార్కుల మెమోలు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంచుకుంటారు, నెల దాటితే అవి ఆటోమేటిక్‌గా పోతే ఎవరిని అడుగుతారు?

చివరిగా సి పెంచుకోవడం గురించి. ఇవన్నీ చూశాక పెరిగేది ఆగింది, అయినా సి లో 20 జీబీ కూడా మిగలట్లేదంటే అప్పుడు నిజంగానే మీ 120 చాలట్లేదని అర్థం. మీ దగ్గర డి లో బోలెడు ఉంది, కొత్త ఎస్ఎస్‌డీ అక్కర్లేదు. కానీ డి ని ష్రింక్ చేస్తే, అంటే కుదిస్తే, వచ్చే ఖాళీ డి కి కుడివైపున వస్తుంది, సి కి ఆనుకుని కుడిపక్కనే ఖాళీ ఉంటేనే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ (పెంచడం) వెలుగుతుంది, అందుకే చాలామందికి అది బూడిద రంగులోనే ఉండిపోతుంది. డి లోవన్నీ బయటి డిస్క్‌కి కాపీ చేసి, డి ని తీసేసి, సి ని 250 దాకా పెంచి, మిగిలిన దాంట్లో డి మళ్ళీ చేసుకోవడం శుభ్రమైన పద్ధతి. మధ్యలో రికవరీ పార్టిషన్ (విండోస్ బాగుచేతకని పక్కన పెట్టిన డిస్క్ భాగం) అడ్డం ఉంటే ఆగండి, తెలిసినవాళ్ళతో చేయించండి. మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి అడక్కుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉంటుంది, 48 అంకెలు.

ఇవాళే మొదటి స్కాన్ తీసేయండి, మూడు నాలుగు రోజులకి రెండోది. పెరిగిన ఫోల్డర్లు ఒక అయిదు, పక్కన ముందు ఎంత ఇప్పుడు ఎంత అని రాసి ఇక్కడ పెట్టండి, దారిలో మీ పేరు ఉంటే చెరిపేసి పెట్టండి. కంప్యూటర్‌లో సీసీ కెమెరా యాప్ గానీ, అకౌంటింగ్ గానీ, డాకర్ గానీ ఏమన్నా ఉన్నాయో కూడా రాయండి, చూసి ఏది ఆపాలో చెప్తాను.